తాతయ్య కాపలా కాసిన మందార కొమ్మ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే చిన్నపిల్లాడు మా తాతయ్యేనని అమ్మమ్మ అంటూ ఉండేది. ఆయనకు దేనికీ ఆగడం తెలియదు. పనసకాయ దింపిన మర్నాటి నుంచే పండిందేమోనని వాసన చూసేవారు. పాలు తోడుపెట్టిన గిన్నె మూత తీసి, పెరుగైందో లేదో వేలితో తట్టి చూసేవారు. నిలువెత్తు మనిషి, తెల్లటి మీసాలు, ఊళ్ళో తగువులు తీర్చే పెద్దమనిషి. ఇంట్లోకి వచ్చేసరికి మాత్రం అమ్మమ్మకు నాతోపాటు ఇంకో పిల్లాడు.

రాజోలు దగ్గర కాలవగట్టు పక్కన ఉండేది మా అమ్మమ్మగారి ఇల్లు. నేను అక్కడే ఉండి చదువుకునేదాన్ని. పక్కింట్లో టీచరమ్మగారు అద్దెకుండేవారు. వాళ్ళ దొడ్లో గోడవారగా ఒక ముద్దమందారం ఉండేది. లేత గులాబీరంగు రేకలు, లోపలికి వెళ్ళేకొద్దీ ఎరుపు. ఆ రంగు మందారం మా చుట్టుపక్కల ఎవరింట్లోనూ లేదు. దాన్ని నాటింది టీచరమ్మగారి అమ్మగారు. ఆవిడ కాలం చేసి అప్పటికి ఏడాదైంది. ఆదివారం చర్చికి బయల్దేరేముందు టీచరమ్మగారు ఆ చెట్టు దగ్గర కాసేపు ఊరికే నిలబడేవారు.

మాఘమాసం వచ్చి, చలి కాస్త వెనక్కి తగ్గుతున్న రోజుల్లో ఆవిడ మా ఇంటికి వచ్చేరు. ముఖం చిన్నబోయి ఉంది.

“వేసవి సెలవులివ్వగానే రామచంద్రపురం వెళ్ళిపోతున్నామండీ పిన్నిగారూ. ఇంటివాళ్ళు ఈ పెంకుటిల్లు తీసేసి డాబా వేస్తారట. చెట్టు ఉంచరండి. వానల్లో రెండుమూడుసార్లు కొమ్మలు గుచ్చేను. అన్నీ కుళ్ళిపోయేయండి,” అన్నారు.

“వానల్లో నీళ్ళెక్కువై కుళ్ళుంటాయమ్మా. ఇప్పుడైతే చెట్టు చిగురుకి సిద్ధమవుతూ ఉంటుంది. నేను బతికించి నీ చేతికిస్తాను కదా, బెంగపెట్టుకోకు,” అంది అమ్మమ్మ.

ఆ సాయంత్రమే అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి కొమ్మలు కోసింది. మరీ లేతవి కాదు, మరీ ముదురువీ కాదు, బలపం లావువి ఏరింది. ఆకు పుట్టే కణుపుకి కిందగా ఏటవాలుగా కోసి, పైన చిన్న ఆకులు ఉంచి తక్కినవన్నీ తుంచేసింది. కొబ్బరి చిప్పలకు అడుగున కన్నం చేసి, పీచు పరిచి, కాలవ ఇసుక నింపి, ఒక్కో చిప్పలో ఒక్కో కొమ్మ గుచ్చింది. పైకొసకు పేడముద్ద అద్దడం నా పని. అన్నిటినీ పంపు పక్కన నీడలో వరసగా పెట్టేం. “ఇంక వీటిని ఎవరూ కదపకూడదు,” అంది అమ్మమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చూసింది నా వైపు కాదు, తాతయ్య వైపు.

కొన్నాళ్ళకు ఒక కొమ్మ వడిలిపోయింది. తర్వాత ఇంకొకటి. చిప్పల్లో ఇసుక ఎవరో కదిపి మళ్ళీ సర్దినట్టు కనిపించేది. అమ్మమ్మ అడిగితే తాతయ్య కోడి మీదకు తోసేసేరు. కోడి గీకితే ఇసుక బయటపడాలి కదా, మళ్ళీ చక్కగా ఎవరు సర్దుతారని అమ్మమ్మ అడగలేదు. మర్నాడు పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని వంటింటి కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. పంపు దగ్గర తాతయ్య గొంతుక్కూర్చుని ఉన్నారు. అటూ ఇటూ చూసి, ఒక కొమ్మను మెల్లగా పైకి లాగి, కింద కొసను కళ్ళద్దాల దగ్గర పెట్టుకుని చూసి, నిట్టూర్చి మళ్ళీ గుచ్చేసి, ఇసుకను బొటనవేలితో నొక్కేరు.

నాకు నవ్వు ఆగలేదు. వెంటనే భయమూ వేసింది. ఇలా అయితే టీచరమ్మగారికి ఒక్కటీ మిగలదు. “తాతయ్యని కోప్పడవేంటే అమ్మమ్మా?” అన్నాను.

“కోప్పడితే చిన్నబుచ్చుకుని అటువైపే వెళ్ళరు. ఆయన ఎందుకు పీకుతున్నారనుకున్నావు? వేరొచ్చిందన్న కబురు అందరికంటే ముందు నాకు తనే చెప్పాలని,” అంది. అలా అంటున్నప్పుడు అమ్మమ్మ ముఖంలో కోపం లేదు సరికదా, కాస్త సిగ్గులాంటిది కనిపించింది.

ఆ రోజు ఆవిడ గాజుసీసా ఒకటి కడిగి, సగం నీళ్ళు పోసి, టీచరమ్మగారి చెట్టు నుంచే ఇంకో కొమ్మ కోసుకొచ్చి అందులో నిలబెట్టింది. దాన్ని అరుగు మీద, తాతయ్య పడక్కుర్చీ పక్కన పెట్టింది. “ఏవండీ, ఈ కొమ్మ మీది. దీన్ని మీరు ఎన్నిసార్లు చూసినా దానికేం కాదు. నీళ్ళు మార్చడం మాత్రం మరిచిపోకండి,” అంది. తాతయ్య ఒక్క క్షణం తెల్లబోయి, “ఆయ్, అలాగే,” అన్నారు. కోడి సంగతి ఆ తర్వాత ఇద్దరూ ఎత్తలేదు.

ఇంక ఆ సీసాకు జరిగిన సేవ చెప్పలేను. ఎండ జరిగితే సీసా జరిగేది. ఇంటికొచ్చినవాళ్ళు కాఫీ తాగేముందు దాన్ని చూసి తీరాలి. ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి వీధి మొగలోకే ఆయన గొంతు వినిపించింది. “ఒసేయ్, రావే! వేరొచ్చింది! నిజంగా వేరే!” చేతులకు పిండితోనే అమ్మమ్మ పరుగెత్తుకొచ్చింది. కొమ్మ కొసన తెల్లటి వేరు, బియ్యపుగింజంత. ఆవిడ ఎన్ని మొక్కలు పెంచిందో! అయినా ఆ వేరును మొదటిసారి చూస్తున్నట్టే బుగ్గన చెయ్యి పెట్టుకుంది. బుగ్గంతా పిండి.

పంపు పక్కన చిప్పల్లోవి కూడా, ఎవరూ ముట్టుకోకపోవడంతో, హాయిగా చిగురించేయి.

టీచరమ్మగారు వెళ్ళే రోజు అమ్మమ్మ కొబ్బరి చిప్పలో మొక్కను ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నారు. ఇంతలో తాతయ్య లోపలికి వెళ్ళి, అప్పటికి కుండీలోకి మార్చుకున్న తన మొక్కను రెండు చేతులతో మోసుకొచ్చేరు. దాన్ని ఇస్తారని అమ్మమ్మ కూడా అనుకోలేదు.

“అది మీ పిన్నిదమ్మా. ఇది నాది. దీనికి మొగ్గుంది చూడు. నువ్వెళ్ళిన మర్నాడే పూస్తుంది.”

“ఎక్కడండీ, ఇంకా వారం పడుతుంది,” అంది అమ్మమ్మ.

“పూస్తుందంటున్నానా!”

కళ్ళనీళ్ళతోనే టీచరమ్మగారు పకపకా నవ్వేరు. బస్సు దాకా ఆ కుండీ మోసింది తాతయ్యే.

తర్వాత రెండేళ్ళకు ఏదో పెళ్ళికి రామచంద్రపురం వెళ్ళి, ముగ్గురం వాళ్ళింటికీ వెళ్ళేం. గేటుకు అటొకటి ఇటొకటి మందారాలు, ఒళ్ళంతా పూలు. తాతయ్య ఇంకా చెప్పులు విడవకుండానే, “ఇందులో నాదేదమ్మా?” అన్నారు. టీచరమ్మగారు అమ్మమ్మ వైపు ఒక్కసారి చూసి, “ఆ పెద్దదేనండి బాబాయిగారూ,” అన్నారు. అమ్మమ్మ కొంగుతో నోరు మూసుకుంది.

ఇప్పుడు నాకు వాళ్ళిద్దరి వయసూ వచ్చింది. ఎవరైనా నా పనికి అడ్డంపడి తొందర చేస్తుంటే నాకూ చిర్రెత్తుకొస్తుంది. కానీ మాట తూలేలోపు, ఈ మనిషి దేనికింత ఆరాటపడుతున్నట్టు అని ఒకసారి చూస్తాను. చాలాసార్లు అక్కడ కనిపించేది ప్రేమే. మా అమ్మాయి కాకినాడ నుంచి పొద్దుట లేచింది మొదలు, మందులు వేసుకున్నావా అమ్మా అని ఫోను మీద ఫోను చేస్తుంది. విసుక్కోబోయి ఆగిపోతాను. “ఆయ్, వేసుకున్నానమ్మా,” అని, అదే మొదటిసారి అడిగినట్టు చెబుతాను.