కొండ మీది గదిలో ఐదు పాయల జడ

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నవ్వులాటే. మా గుంటూరు వైపు చుట్టాల్లో ఎవరింటికి వెళ్ళినా ఒక దయ్యం కథ తయారుగా ఉంటుంది. నేను సగంలో ఆపి, "అప్పుడు కరెంటు ఉందా, పోయిందా?" అని అడిగి అందరి చేతా తిట్లు తినేవాణ్ణి. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది. పగలంతా తప్పు ఎక్కడుందో వెతకడమే పని. కారణం దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని అర్థం, అంతే. ఇప్పటికీ నా మాట అదే. కానీ ఈ ఒక్క విషయంలో ఎంత వెతికినా దొరకలేదు.

మా ఆవిడ సుజాతది వరంగల్. కిందటి చలికాలం చివర్లో క్యాన్సర్ ఆమెను తీసుకుపోయింది. మాకు ఒక్కతే పిల్ల, మేఘన. ఎనిమిదేళ్ళు.

సుజాతది ఎడమచేతి వాటం. రోజూ బడికి పంపే ముందు మేఘనకి ఐదు పాయల జడ వేసేది. ఎడమచేత్తో మొదలుపెడుతుంది కాబట్టి ఆ అల్లిక అందరి జడలకీ తిరగబడి ఉండేది. జడ అయ్యాక దువ్వెనకి చిక్కుకున్న జుట్టు తీసి, వేళ్ళ మధ్య చిన్న ఉండ చుట్టి, థూ థూ అని కిటికీ మూలన దోపేది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే పనే. ఊడిన జుట్టు గాలికి పోకూడదంటారు.

జర్మనీ కిటికీలు బిగుతుగా మూసుకుంటే తప్ప ఇల్లు వెచ్చగా ఉండదు. ఈ ఉండ అడ్డం పడి మా కిటికీ సరిగ్గా పడేది కాదు. "చలంతా లోపలికొస్తోంది, ఇంటి ఓనర్ చూస్తే మన పని అయినట్టే" అని నేను గొణిగేవాణ్ణి. "ఆ ఓనర్‌ను సుత రమ్మను, జడేస్త" అనేది. ఆయనకి బట్టతల. మేఘన పడీ పడీ నవ్వేది.

ఆసుపత్రిలో కూడా ఆ పని మానలేదు. మందులకి తన జుట్టంతా రాలిపోయాక కూడా, పిల్లని మంచం అంచున కూర్చోబెట్టుకుని జడ వేసింది. ఆఖరిసారి వేసిన జడని మేఘన ఎవరినీ విప్పనివ్వలేదు. దానంతట అదే వదులై, చెదిరి, ఊడిపోయింది. ఆ తర్వాత తల మీద చెయ్యి వెయ్యనివ్వడం మానేసింది. నేను దువ్వెన పట్టుకుంటే చాలు, బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకునేది.

అంతకంటే నన్ను భయపెట్టింది ఇంకోటి ఉంది. వాళ్ళమ్మతో వరంగల్ యాసలో గలగలా వాగే పిల్ల తెలుగు మాట్లాడటం ఆపేసింది. నేనేం అడిగినా జర్మన్‌లోనే జవాబు. అమ్మ అన్న మాటే ఆ నోట్లోంచి రాలేదు. ఫొటో చూపిస్తే ముఖం తిప్పుకునేది. తల్లి ఎలాగూ పోయింది, తల్లి జ్ఞాపకం కూడా ఈ పిల్లకి మిగలదేమోనని నా ప్రాణం కొట్టుకునేది.

పెరూ దేశంలో, ఆండీస్ కొండల మీద కుస్కో అనే పాత ఊరుంది. అక్కడ ‘ఇన్కా’ వంశపు రాజుల కాలం నాటి రాతి గోడల మీద స్పెయిన్ వాళ్ళు కట్టిన మఠం ఒకటి ఇప్పుడు ఖరీదైన హోటల్. డాక్టర్ కోసం కూర్చున్నప్పుడు సుజాత ఏదో పత్రికలో ఆ హోటల్ గది బొమ్మ చూసింది. "నాకు మంచిగైనంక ఆడికి పోదం. ఆ రాళ్ళ గదిల పగటిపూట కమ్మగ ఒక నిద్ర తియ్యాలె" అంది. ప్రపంచంలో చూడాల్సినవి ఇన్ని ఉంటే, అంత దూరం పోయి నిద్రపోతావా అని ఏడిపించాను. తనకి నయం కాలేదు.

శరత్కాలపు బడి సెలవులకి మేఘనని తీసుకుని నేను బయల్దేరాను. వాళ్ళమ్మ కోరుకున్న చోటు చూస్తే పిల్ల నోరు విప్పుతుందేమోనని ఒక ఆశ. సుజాత వాళ్ళమ్మ, మా అత్తయ్య, వరంగల్ నుంచి ఫోన్లో లబలబలాడింది. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా కొండ ఎక్కకూడదన్నది మనవాళ్ళ పట్టింపు కదా. అది గుడి ఉన్న కొండ కాదు అత్తయ్యా, ఊరే కొండ మీద ఉంది అని సర్దిచెప్పబోయాను. "ఏ కొండయితేంది కొడుకా, కొండ కొండనే" అని ఫోన్ పెట్టేసింది.

విమానాలు మారి మారి కుస్కో చేరేసరికి మేఘన జుట్టు పిచ్చుక గూడులా ఉంది. నాకు తల పగిలిపోతోంది. అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుందట, కొత్తవాళ్ళకి మామూలేనట. హోటల్ వాళ్ళు కోకా ఆకుల టీ ఇచ్చి, సాయంత్రం దాకా పడుకోమన్నారు. ఈ సంగతి కావాలనే చెబుతున్నాను. తలనొప్పిలో ఏదో చూసి ఉంటావని మీరు అనొచ్చు. అదే నిజమైతే నాకూ హాయిగా ఉండేది.

గదికి ఒక వైపంతా నల్లరాతి గోడ. రాయికీ రాయికీ మధ్య సూది కూడా దూరదు. ఆ గోడలో మన పాత ఇళ్ళల్లో దీపం పెట్టే గూడు లాంటి చిన్న గూడు ఉంది. నున్నగా, ఖాళీగా ఉంది. ఫోన్ అందులో పెట్టబోయి, పడుతుందేమోనని మానేశాను. అందుకే ఖాళీగా ఉందని గట్టిగా చెప్పగలుగుతున్నాను. తలుపు పాతకాలపు చెక్కది, లోపల ఇనుప గడియ. అది నేనే వేశాను. ఎవరూ రావద్దనే బోర్డు కూడా బయట తగిలించాను. మంచి ఎండ వేళ. ఇద్దరం పడుకున్నాం.

మెలకువ వచ్చేసరికి ఎండ ఇంకా రాతి గోడ మీద ఉంది. మేఘన అటు తిరిగి నిద్రపోతోంది. వీపు మీద జడ ఉంది.

ఐదు పాయల జడ. తిరగబడిన అల్లిక. చివర పిల్ల చేతికి ఉండే రబ్బరు బ్యాండే వేసి ఉంది. ముట్టుకున్నాను. బిగువుగా, నున్నగా ఉంది. లేచి చూస్తే గడియ వేసినట్టే ఉంది. పెట్టెలో ఉండాల్సిన దువ్వెన బల్ల మీద ఉంది, దానికి ఒక్క వెంట్రుక కూడా లేదు. అప్పుడు రాతి గోడ వైపు చూశాను. గూడు మూలన చిన్న జుట్టు ఉండ ఉంది.

భయం వేయలేదు. ఏడుపొచ్చింది. పిల్ల లేస్తుందేమోనని దిండు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

మేఘన లేచింది. చెయ్యి వెనక్కి పోనిచ్చి తడుముకుంది. జడ ముందుకి వేసుకుని చివర చూసుకుంది. ఎవరు వేశారమ్మా అని అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు నా వైపు చూసి, ఆకలేస్తోందని జర్మన్‌లో అంది.

రిసెప్షన్‌లో అడిగాను. మా మనుషులెవరూ ఆ గది వైపే రాలేదన్నారు. మర్నాడు గది సర్దడానికి వచ్చిన పెద్దావిడకి జడ చూపించి, మీరా అని సైగ చేశాను. ఆవిడకి రెండు జడలున్నాయి. తన జడలు పట్టుకుని, తనకొచ్చింది మూడు పాయలేనన్నట్టు మూడు వేళ్ళు చూపించింది, కాదన్నట్టు తల ఊపింది. గదంతా తుడిచింది కానీ ఆ గూడు మాత్రం ముట్టుకోలేదు. ఎందుకో అడగడానికి నాకు ఆవిడ భాష రాదు.

ఆ సాయంత్రం అత్తయ్య వీడియో కాల్ చేసింది. నేనేమీ చెప్పలేదు. మేఘన ఇటు నుంచి అటు వెళ్ళింది, అంతే. "బిడ్డకు జడ ఎవలు ఏసిండ్రు? అచ్చం మా సుజాత ఏసినట్టే ఉన్నది" అంది. ముఖం ఫోన్‌కి దగ్గరగా తెచ్చి మళ్ళీ చూసింది. చివరికి, "ఆ జడ ఇప్పకు కొడుకా" అంది. కొండ ఎక్కినందుకు మళ్ళీ ఏమీ అనలేదు.

నేనే నిద్రలో వేశానా? నాకు మూడు పాయలతో జడ వేయడమే రాదు. పిల్లే వేసుకుందా? వీపు వెనక, చిక్కులు పడ్డ జుట్టుని, తిరగబడిన అల్లికతో, ఎనిమిదేళ్ళ పిల్ల? సరే, వేసుకుందనే అనుకుందాం. మరి ఎప్పుడు నేర్చుకుంది? సుజాత ఉండగా ఆ పిల్ల దువ్వెన పట్టిన రోజే లేదు.

ఆ జడ విప్పకుండానే ఇంటికి తిరిగొచ్చాం. ఆదివారం మేఘన తనంతట తానే కొబ్బరినూనె సీసా తెచ్చి, నా ముందు నేల మీద కూర్చుంది. దువ్వెన నా చేతికిచ్చింది. ఏ పాయ దేని మీద నుంచి వెళ్ళిందో చూసుకుంటూ, మెల్లగా విప్పాను. ఆ జడ విప్పుతూనే జడ వేయడం నేర్చుకున్నాను. నూనె పెట్టి, దువ్వి, మళ్ళీ అల్లడం మొదలుపెట్టాను. వంకరటింకరగా వస్తోంది. చిక్కు దగ్గర కాస్త గట్టిగా లాగినట్టున్నాను.

"అమ్మ గింత గట్టిగ గుంజదు నాన్నా" అంది.

తెలుగులో అంది. అమ్మ అంది. నా చేతులు ఆగిపోయాయి. మేఘన వెనక్కి తిరగకుండానే, "ఆ దినం సుత గుంజలే" అంది.

ఏ దినమని నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. ఆ గదిలో ఏం జరిగిందో నాకు తెలియదు, చెప్పగలిగేవాళ్ళు ఉన్నారనీ అనుకోను. జడ పూర్తి చేసి, దువ్వెనకి చిక్కిన జుట్టు తీసి, ఉండ చుట్టి, కిటికీ మూలన దోపాను. ఇప్పుడు మా కిటికీ మళ్ళీ సరిగ్గా పడటం లేదు. చలి లోపలికొస్తోంది. రానీ అని వదిలేశాను.