వెనక సీటులో గుంట

మోటార్ సైకిళ్ళకు సీట్లు కుట్టే ఆవిడను ఆ వీధిలో అందరూ సీట్లమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించేది కాదు. నలభై ఆరేళ్ళ మనిషి. పక్కపక్కనే ఉన్న రెండు షట్టర్లలో ఒకటి ఆమెది, రెండోది భర్తది. ఆయన ఫోటోలకు ఫ్రేములు కట్టేవాడు. ఇటు కుట్టు మిషను టకటక, అటు రంపం బరబర. మధ్య గోడకు ఓ చిన్న కిటికీ కొట్టించుకున్నారు. టీ గ్లాసులూ, కత్తెరలూ, చిన్నా చితకా తగవులూ అన్నీ అందులోంచే అటూ ఇటూ నడిచేవి.

పాత సీటు తొడుగు ఊడదీసి లోపలి స్పాంజి మీద చెయ్యి వేసిందంటే, ఆ బండి మీద తిరిగే మనిషి సంగతంతా చెప్పేది సీట్లమ్మ. "ఎడమకి ఒరిగి కూర్చుంటావు. నడుం నొప్పా?" అని అడిగితే వచ్చినవాళ్ళు నోరు వెళ్ళబెట్టేవారు. ఓసారి పెళ్ళికాని కుర్రాడితో, "వెనకాల రోజూ ఎక్కే మనిషి బాగా తేలికే" అంది. వాడి ముఖం ఎర్రబడింది. సీటు తీసుకుపోయినవాడు మళ్ళీ ఆ వీధి ఛాయలకు రాలేదు. మాట కంటే స్పాంజినే ఎక్కువగా నమ్మేది ఆమె. ముట్టుకుని చూడనిదే దేన్నీ ఒప్పుకునే మనిషి కాదు.

ఆమె భర్తకు ఏడాదికొక్క సరదా. వానలు వెనకబట్టగానే రెండు రోజులు షట్టరు దించి, బండి మీద ఒంటరిగా కొండదారిన తిరిగి వచ్చేవాడు. వచ్చాక నెల్లాళ్ళు ఆ కబుర్లే. "ఒక్కణ్ణే! పక్కన లోయ, పైన మబ్బు, మధ్యలో నేనూ నా బండీ!" అంటుంటే ఫ్రేములకు వచ్చినవాళ్ళు పని మర్చిపోయి వినేవారు. కిటికీ ఇవతల సీట్లమ్మ కూడా మిషను ఆపి వినేది. ఆయన బయల్దేరే ముందు బండికి కొత్త స్పాంజి వేసి కొత్త సీటు కుట్టివ్వడం ఆమె ముచ్చట.

ఆ సరదా మొదలైన మూడో ఏడు ఆయన తిరిగొచ్చాక సీటు అంచున ఓ కుట్టు ఊడి ఉంటే, సరిచేద్దామని తొడుగు విప్పింది. వెనక భాగంలో స్పాంజి కుంగి ఉంది.

సంచి పెడితే పడే గుంటకు మూలలు కనిపిస్తాయి. దీనికి మూలల్లేవు. నడుమ పక్కపక్కనే రెండు లోతులు, తొడల ఒత్తిడికి ముందుకు జారిన రెక్సిన్. మనిషే. అందులోనూ కుదురుగా కూర్చున్న మనిషి కాదు, ముందుకీ వెనక్కీ జరుగుతూ కూర్చున్న మనిషి. బరువు కూడా తక్కువేం కాదు. 'బొద్దుగా ఉంటుందన్నమాట' అనుకుంది సీట్లమ్మ.

"ఏమండీ, వెనక ఎవర్నైనా ఎక్కించుకున్నారా?" అంది కిటికీలోంచి.

అటువైపు రంపం ఆగింది. "ఎవర్ని? ఆఁ... ఓ ముసలాయన్ని కాస్త దూరం దింపాలే. పాపం నడవలేకపోతుంటేనూ."

కాస్త దూరానికి అంత గుంట పడదని ఆమెకు తెలుసు. ఏమీ ఎరగనట్టే కుట్టు వేసి ఊరుకుంది. కానీ ఆ ఏడాదంతా ఆయన్ని ఓ కంట కనిపెడుతూనే ఉంది. ఆయన ఫోను మోగితే మిషను ఆగేది. చొక్కాలు ఉతికే ముందు జేబులతో పాటు కాలరు కూడా వాసన చూసేది. వార్నిష్ వాసన తప్ప ఏమీ తగిలేది కాదు. తగలకపోవడమే మరింత అనుమానంగా ఉండేది.

నాలుగో ఏడు కొత్త సీటు కుట్టేటప్పుడు, వెనక రెక్సిన్ కింద అట్టముక్కంత పల్చటి థర్మోకోల్ పలక పెట్టింది. ఆయన ఈల వేసుకుంటూ వెళ్ళాడు, ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆయన స్నానానికి వెళ్ళగానే విప్పి చూసింది. పలక పిండి పిండై ఉంది.

"ఈసారి కూడా ఆ ముసలాయన కనబడ్డాడా?" అంది తువ్వాలు అందిస్తూ.

"ఏ ముసలాయనే?" అన్నాడాయన తల తుడుచుకుంటూ.

ఆ మాట చాలు. ఆమె చెల్లెలికి ఫోను చేసి చెప్పుకుని ఏడిస్తే, "నిలదీసి అడగవేం అక్కా?" అంది చెల్లెలు. నిలదీస్తే ఏం లాభం, నీళ్ళు నమిలి ఇంకో ముసలాయన్ని పుట్టిస్తాడు అనుకుంది. కళ్ళతో చూడాలి. అంతవరకూ కడుపులోనే దాచుకుంది.

ఐదో ఏడు ప్రయాణం వారంలో పడిందనగా అద్దం పలక జారి ఆయన కాలి మీద పడింది. పాదంలో ఎముక చిట్లి పిండికట్టు వేశారు. "ఈ ఏడాదికి లేదులే" అని నిట్టూర్చాడు.

"మీకు లేకపోతే నాకుంది. నేను వెళ్ళొస్తా" అంది సీట్లమ్మ.

రిపేరుకు వచ్చిన బండ్లన్నీ సీటు బిగించాక వీధి చివరిదాకా నడిపి చూసే మనిషి. నడపడం కొత్త కాదు. అయినా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఒక్కదానివా? ఆ కొండలు నువ్వనుకున్నట్టు కాదే. కిందినుంచి చూసి వచ్చెయ్యి, పైకి ఎక్కకు."

"మీరు ఎక్కలేదూ?"

"నా సంగతి వేరు. సరే, ఒక్క మాట విను. కొండ మొదట్లో పంక్చర్ షాపు ఒకటుంటుంది. అక్కడ మాత్రం ఆగొద్దు. మోసగాళ్ళు. లేని పంక్చర్ ఉందంటారు."

పాతికేళ్ళ కాపురంలో ఆయన పరాయివాళ్ళను పల్లెత్తు మాట అనగా ఆమె వినలేదు. వెళ్ళాల్సిన చోటు ఏదో ఆయనే చెప్పినట్టయింది.

తెల్లవారగానే బయల్దేరింది. ఊరు దాటి, గోదాములు దాటి, పొలాలు దాటి రోడ్డు సాగింది. చుట్టూ ఎంత అందం ఉందో గానీ, ఆమె కళ్ళు మనుషుల మీదే ఉన్నాయి. చెక్‌పోస్టు దగ్గర కర్ర ఎత్తే అతను బండి నంబరు చూసి, ఆమె ముఖం చూసి, మళ్ళీ నంబరు చూశాడు. "ఒక్కరేనా?" అన్నాడు.

"ఏం, ఇద్దరుండాలా?" అంది సీట్లమ్మ చురుగ్గా.

"అబ్బే, ఊరికే అడిగా" అని కర్ర ఎత్తేశాడు. ఊరికే ఎవరూ అడగరు అనుకుంది. టీ కొట్టు దగ్గర ఆగితే కొట్టాయన అడక్కుండానే చక్కెర తక్కువ వేసి ఇచ్చాడు. ఆమె భర్త తాగేది కూడా చక్కెర తక్కువే. అంటే బండి చూసే ఇచ్చాడా? వేడి టీ గుటకలేస్తూ, ఈ దారి పొడుగునా తనకు తప్ప అందరికీ ఏదో తెలుసని నిశ్చయించుకుంది.

కొండ మొదట్లో పంక్చర్ షాపు రానే వచ్చింది. రేకుల పందిరి, వేలాడే టైర్లు, నీళ్ళ తొట్టి. ఆమె ఇంకా బండి ఆపకముందే లోపలినుంచి ఓ మనిషి నవ్వుతూ చెయ్యి ఊపుతూ వచ్చింది. ఆడమనిషి. నలభై దాటి ఉండవు. చేతులు గ్రీజు. వస్తూ వస్తూనే మేకుకు ఉన్న హెల్మెట్ అందుకుని తలకు తగిలించుకుంది. దగ్గరికొచ్చి సీట్లమ్మను చూసి ఆగిపోయింది.

"అదేంటి, అన్న రాలేదా?"

సీట్లమ్మ ఆ హెల్మెట్ వంకే చూసింది. ఉందన్నమాట. హెల్మెట్‌తో సహా సిద్ధంగా ఉందన్నమాట. పైగా అన్నట! బొద్దుగా మాత్రం లేదు, ఎండిన కట్టెలా ఉంది. అదొక్కటే పొంతన కుదరలేదు.

"ఆయన కాలు విరిగింది. నేను ఆయన భార్యని" అంది పళ్ళ బిగువున.

"అయ్యో! మీరేనా వదినా? రండి, కూర్చోండి." ఆ మనిషి కంగారుగా స్టూలు తుడిచింది. ఆ కంగారు సీట్లమ్మ కంటపడకుండా పోలేదు. లోపలికి అడుగుపెట్టగానే గోడమీద ఇంకోటి కంటపడింది. ఓ ఫోటో. దాని ఫ్రేము మూలలు ఎక్కడా సందు లేకుండా అతికి, ఒక్కో మూలకు ఇత్తడి రేకు. ఆ రేకు అలా మడవడం భూమ్మీద ఒక్కరికే తెలుసు.

ఫోటోలో ఉన్నది తమ బండే. హ్యాండిల్ పట్టుకుని ముందు కూర్చున్నది ఈ పంక్చర్ ఆవిడ. వెనక సీట్లో పొట్ట ముందుకు వచ్చిన మగమనిషి. రెండు చేతులతో వెనకాల కమ్మీని పిడికిళ్ళు తెల్లబడేలా పట్టుకుని ఉన్నాడు. హెల్మెట్‌లో ముఖం సరిగా కనిపించడం లేదు గానీ, ఆ గళ్ళ చొక్కా తను ఇస్త్రీ చేసి సర్దినదే.

సీట్లమ్మ ఫ్రేము అద్దం మీద వేలు పెట్టింది. "వెనకాల కూర్చున్నది ఆయనా?" అంది.

"మీకే చెప్పొద్దన్నాడు వదినా" అంది ఆవిడ తల దించుకుని. "మొదటి ఏడు ఒక్కడే ఎక్కబోయాడు. ఏడో మలుపులో లోయ చూసి చేతులు బిగుసుకుపోయాయి. ముందుకు పోలేడు, వెనక్కి తిప్పలేడు. ఎవరో చూసి చెబితే నేను పాల వ్యానెక్కి వెళ్ళా. బండి పక్కన కూర్చుని గడగడ వణుకుతున్నాడు. ఎక్కించుకుని పైకి తీసుకెళ్ళా. మర్నాడు వెళ్ళి దింపుకొచ్చా. అప్పట్నుంచీ ఏటా అంతే."

"ఒక్కణ్ణే వెళ్ళానని ఊరంతా చెబుతాడే!"

"కింది దారంతా ఒక్కడే కదా" అంది ఆవిడ, అన్నను వెనకేసుకొస్తూ.

అంత సులువుగా నమ్మేస్తే ఆమె సీట్లమ్మ ఎందుకవుతుంది? కట్టుకథ కూడా కావచ్చు. "నేను నడుపుతాను తల్లీ, నువ్వు వద్దు" అని బండి తీసింది.

మొదటి నాలుగు మలుపులూ బాగానే తిరిగాయి. ఐదో దాని దగ్గర రోడ్డు సన్నబడింది. ఏడో మలుపులో పిట్టగోడ కూలిపోయి ఉంది. ముందు చక్రం అవతల ఏమీ లేదు, మబ్బు తప్ప. ఎదురుగా లారీ హారన్ మోగేసరికి ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. బండి కొండ వారకు తెచ్చి ఆపింది. బిగుసుకున్న వేళ్ళను హ్యాండిల్ మీదనుంచి ఒక్కొక్కటే విడదీసుకోవాల్సి వచ్చింది. భర్త ఇక్కడే, ఈ మట్టిలోనే కూర్చుని ఉంటాడనుకుంది. అప్పటికి గానీ ఆ కథలో నిజం ఉందనిపించలేదు.

కాసేపటికి ఊపిరి కూడదీసుకుని మళ్ళీ ఎక్కింది. మొదటి గేరు వదలకుండా, తెల్లగీత మీదనుంచి చూపు తిప్పకుండా మిగిలిన ఇరవై మలుపులూ ఎక్కేసింది.

పైన బస చేసే ఇంటాయన బండిని గుర్తుపట్టాడు. "లోయ వైపు గది వద్దుగా? సారు ఎప్పుడూ వెనక గదే అడుగుతారు, కిటికీలోంచి గోడ తప్ప ఏం కనబడకూడదంటారు" అన్నాడు. సీట్లమ్మకు మిగిలిన అనుమానం కూడా ఆ మాటతో తీరిపోయింది. లోయ వైపు గదే తీసుకుంది గానీ, పరదా తీయకుండానే నిద్రపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. కాలు స్టూలు మీద పెట్టుకుని గుమ్మంలోనే కూర్చున్నాడాయన. "ఎక్కడా ఆగలేదుగా?" అన్నాడు ముందుగా.

"పంక్చర్ షాపు దగ్గర ఆగాను. ఫోటో బాగుంది. మూలలు బాగా అతికించారు."

ఆయన కాలు స్టూలు మీదనుంచి దించాడు. "నవ్వుకో. ఎంత నవ్వుకుంటావో నవ్వుకో" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"నవ్వా? రెండేళ్ళుగా కుళ్ళి కుళ్ళి చచ్చాను. ఎవత్తెనో ఎక్కించుకు తిరుగుతున్నారనుకుని."

ఆయన తలెత్తాడు. "నేనా? నన్నే అనుమానించావా?" కాలరు సర్దుకున్నాడు. "ఎలా ఉంటుందనుకున్నావేంటి?"

"బొద్దుగా" అంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

"అంత భయమైతే ఎందుకండీ పోవడం?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"మొదటి మూడు మలుపులూ కళ్ళు మూసుకుంటా. తర్వాత కొంచెం తెరుస్తా. పదిహేనోది దాటాక మబ్బు మన కంటే కిందనుంటుంది. దానికి ఓ చిల్లు ఉంటుంది. అందులోంచి ఎక్కడో ఊరు, నీలం రేకుల ఇళ్ళు, మేకలు. నువ్వు చూశావుగా?"

సీట్లమ్మ గుర్తు తెచ్చుకోబోయింది. చెక్‌పోస్టు మనిషి చూపు, చక్కెర తక్కువ టీ, తెల్లగీత తప్ప ఏమీ గుర్తుకురాలేదు. "లేదు" అంది.

మరుసటి ఏడు ఇద్దరూ వెళ్ళారు. ఆమె నడిపింది, ఆయన వెనక కూర్చున్నాడు. పంక్చర్ ఆవిడ తన బండి మీద ఏడో మలుపు దాకా తోడొచ్చి వెనక్కి తిరిగింది. ఇరవయ్యో మలుపు దగ్గర, రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్నచోట, ఆయన ఆమె భుజం తట్టి ఆపమన్నాడు. తను మాత్రం బండి దిగకుండా, కమ్మీ వదలకుండా, గడ్డంతోనే ఎదుటి కొండను చూపించాడు. దూరంగా రాతి మీద నిలువునా ఓ తెల్లటి చార.

"జలపాతం" అన్నాడు.

ఆమె కళ్ళు చికిలించింది. "జలపాతం కాదు. ఎవరో గుడ్డ ఆరేసినట్టుంది."

"అంత పొడుగు గుడ్డ ఎవరికుంటుందే? కదులుతోంది చూడు."

ఆమె ఇంజను ఆపి, హెల్మెట్ తీసి, అది కదలడం తన కళ్ళతో చూసేదాకా అక్కడే నిలబడింది.