పేర్లు పిలిచినవాడి సాక్ష్యం

రాజాం బజారులో ఎండు నెత్తళ్ళ వాసన తగిలితే పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం ఎవరో బోనులోకి పిలిచినట్టు నిలబడిపోతాను. ఆ వాసన నాకు పైడమ్మ. కళింగపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి ఊరూరా తిరిగి అమ్ముకునేది.

అప్పట్లో నేను మేజిస్ట్రేటు కోర్టులో బంట్రోతుని. గుమ్మంలో నిలబడి కేసులవాళ్ళ పేర్లు మూడేసి సార్లు కేకేయడం నా పని. నేను కేకేస్తే అరసవల్లి గుడిలో భక్తులు ఉలిక్కిపడేవారు. సరే, అంత లేదు. ఎదురు టీకొట్టు దాకా వినపడేది.

సింహాచలం అనే ఆటోవాడి పేరు అలా రెండు కేసుల్లో పిలిచాను. రెండూ తాగి బండి నడిపినవే. రెండింటిలోనూ వాడు "తప్పయిపోనాది బాబూ, పిల్లలు గలోడిని" అని చేతులు కట్టుకున్నాడు. జరిమానా వేసి, కోర్టు లేచేదాకా కూర్చోమన్నారు. అదే శిక్ష. గోడవార బల్ల మీద ఫ్యాను గాలికి కునుకు తీసి, సాయంత్రం మేజిస్ట్రేటు అయ్యగారితోపాటు వాడూ లేచి పోయేవాడు. రెండోసారి వాణ్ణి గుర్తుపట్టాను. పాత కేసు సంగతి ఎవరూ కాగితం మీద పెట్టలేదు గనక అయ్యగారికి వాడు కొత్తవాడే. నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఆ వారంలోనే వాడు తాగి పైడమ్మను ఆటోతో గుద్దాడు. ఆమె కుడి మోకాలు మళ్ళీ వంగలేదు.

ఆ కేసు వాయిదా రోజున పైడమ్మ కర్ర పట్టుకుని పొద్దున్నే వచ్చింది.

"బాబూ, ఈడు ఇంతకుముందు ఇక్కడికి ఒచ్చినాడా?"

"నాకేటి తెలుసమ్మా? రోజుకి వందమంది వస్తారు."

"ఆటో స్టాండులో ఆడే సెప్పుకుంతన్నాడు, కోర్టులో పడుకోడానికి ఫ్యానుంటాదని. రేపు మల్లీ తాగుతాడు. నాకు మిగిలింది ఒక కాలు. రోడ్డెక్కితేనే నాకు బతుకు."

లోపల సింహాచలం "మొదటి తప్పు, దయ సూపండి" అన్నాడు. అయ్యగారు కలం తీశారు. వెనక బల్ల మీంచి పైడమ్మ లేచింది. కూర్చోమని నేనే కసిరాను.

"కూకోను. కూకోడం ఆడి శిక్ష, నాది కాదు. అయ్యా, ఇది ఆడికి మొదటిదో మూడోదో ఆ గుమ్మం కాడ బాబునడగండి. పేరు పిలిసినోడికి తెలీదేటి?"

కోర్టంతా నావైపు తిరిగింది. అప్పుడు నేను సింహంలా గర్జించాననీ, కిటికీ అద్దాలు అదిరాయనీ మా వీధిలో ఏళ్ళ తరబడి చెప్పుకున్నాను. అబద్ధం. "పిలిచానండి, ఇంకో రెండు కేసుల్లో" అని గొణిగితే అయ్యగారు మళ్ళీ చెప్పమన్నారు. అప్పుడు గట్టిగా చెప్పాను.

నా మాట రుజువుకి చాలదు గనక ప్రభుత్వ వకీలు వాయిదా అడిగాడు. రికార్డు గదిలో దుమ్ము కట్టలు విప్పి పాత తీర్పులు వెతికింది నేనే. ఇది మాత్రం అబద్ధం కాదు. వాడికి మూడు నెలల జైలు పడింది, లైసెన్సు పోయింది.

నేను సాక్ష్యం చెప్పిన రోజు సాయంత్రమే కోర్టు మెట్ల దగ్గర "రెండోసారే గుర్తుపట్టానమ్మా" అని పైడమ్మ ముందు ఒప్పుకున్నాను.

"తెలుసు. పొద్దున్న నా మొకం సూడకుండా సెప్పినావు గదా. అందుకే అందరిముందూ అడిగించినాను," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

పేదవాడి పొట్ట కొట్టావని మిత్రులు ఇప్పటికీ అంటారు. కొట్టాను. మొదటిసారి దయ చూపమనండి, వాడి తరఫున నేనూ చేతులు జోడిస్తాను. మూడోసారి చూపే దయ బాకీ ఇంకొకరి మోకాలితో తీరుతుంది.

పోయిన నెల మా వీధి మలుపులో తూలుతూ బండెక్కబోతున్న ఒక ఆటోడ్రైవరు చేతిలోంచి తాళంచెవి లాక్కున్నాను. "ఎవుడివి తాతా నువ్వు?" అని మీదికొచ్చాడు. మెడపట్టి కూలేశానని రాయాలనుంది. నిజానికి వాడు తోస్తే నేనే మురిక్కాలవ పక్కన కూలబడ్డాను. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు.