ఏడో నెల కడుపునొప్పి

నాకు ఏడో నెల. ఆ ఆదివారం అత్తగారు యారాడ నుంచి రొయ్యలు తెచ్చి కూర వండారు. ఆవిడ పుట్టిల్లు అక్కడే, సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. "రెండు ప్రాణాలకి తినాల" అంటూ వడ్డించారు. నేను మూడు ప్రాణాలకి సరిపడా తిన్నాను. ఆపైన పనసతొనలు.

సాయంత్రానికి కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి మొదలైంది. "అమ్మా" అన్నానో లేదో, పోర్టులో క్రేన్ మీద టన్నుల బరువులు నింపాదిగా దించే మా ఆయన, వీధి తలుపు గడియ ఎటు లాగాలో మర్చిపోయారు.

అత్తగారు నా పొట్ట మీద చెయ్యేసి, "ఆగి ఆగి వస్తందా, ఒకేలాగుందా?" అన్నారు.

"తెలియట్లేదత్తా."

"తెల్దంటే నొప్పులే!" అని తేల్చేశారు.

గోపాలపట్నం రోడ్డు మీద ఆటో దొరికింది. "బావా, డెలివరీ కేసు. మెల్లగా, తొందరగా పోనీ" అన్నారు మా ఆయన. ఈ రెండూ ఎలా కుదురుతాయని డ్రైవరు అడగలేదు. తల బయటపెట్టి "డెలివరీ! తప్పుకోండి!" అని అరుస్తూ తోలాడు. బస్సులు కూడా పక్కకి జరిగాయి. అంతలో ఒక గుంతలో ఆటో ఎగిరిపడింది. నాకు పెద్ద తేనుపు వచ్చింది, దాని వెనకే ఇంకొకటి. నొప్పి మాయం.

"తగ్గిపోయిందండీ, ఇంటికెళ్ళిపోదాం."

"అలాగే తగ్గినట్టుంటది. ఈడప్పుడు నాకూ అంతే" అన్నారు అత్తగారు, కొడుకుని చూపిస్తూ.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బీపీ చూసి, పొట్ట నొక్కి, బిడ్డ గుండె చప్పుడు విని, ఏం తిన్నావని అడిగారు. చెప్పాను. ఆవిడ నవ్వాపుకున్నారు.

"గ్యాసు. ఈ నెలల్లో అరుగుదల నెమ్మదిస్తుంది, కొంచెం కొంచెంగా తిను. అయినా వచ్చి మంచిపనే చేశారు. పొట్ట గట్టిపడుతూ నొప్పి విడిచి విడిచి వచ్చినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, ఇంట్లో కూర్చుని ఆలోచించకండి."

బయట డ్రైవరు వెళ్ళకుండా కాచుకుని ఉన్నాడు. అత్తగారిని చూడగానే ఎదురొచ్చాడు.

"ఏటమ్మా, బాబా, పాపా?"

"గేసు నాయనా."

అతను కాసేపు ఆలోచించి, "తల్లి బాగుంది కదా?" అన్నాడు.

నేను పొట్ట పట్టుకుని నవ్వుతుంటే మా ఆయన "మళ్ళీ నొప్పా?" అంటూ లోపలికి పరిగెత్తబోయారు. చొక్కా పట్టుకుని ఆపాను.

రెండు నెలలకి అసలు నొప్పులు వచ్చాయి. అవేమిటో ఎవరూ తేల్చి చెప్పనక్కర్లేకపోయింది.