ప్రతి తెరమీదా మా అత్తయ్యే

నేను నరసరావుపేటలో ఒక కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్‌ని. కొత్త ల్యాబ్ కోసం, మా విద్యార్థులకు అనువుగా తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఇంట్లో నా కంప్యూటర్‌లోనే తయారుచేశాను. దాని ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీసి ల్యాబ్‌లో అన్నిటికీ ఎక్కించాను.

ప్రారంభోత్సవానికి మా అత్తయ్య కూడా క్రోసూరు నుంచి వచ్చింది. తీరా ఆన్ చేస్తే ఒక్క కంప్యూటరూ తెరుచుకోలేదు. అన్నిటిమీదా ఎర్రరే!

"అందుకే కంపెనీవాళ్ళకి ఇద్దామన్నానమ్మా," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఎర్రర్ మళ్ళీ చదివితే అప్పుడు వెలిగింది. బయటి సిస్టమ్‌ని రానివ్వని సెక్యూర్ బూట్ సెట్టింగ్‌ని నేను ఆపనేలేదు! ఒక్కొక్కదాంట్లో దాన్ని ఆపుకుంటూ వెళ్ళాను. వరసగా తెరలు వెలిగాయి. ప్రతి తెరమీదా, కల్లంలో మిరపకాయల రాశి పక్కన నవ్వుతూ మా అత్తయ్య! నా వాల్‌పేపర్ తీయకుండానే ఇమేజ్ తీశానన్నమాట.

హాలంతా ఘొల్లుమని నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అత్తయ్య మాత్రం లేచి నిలబడింది.

"ఏందయ్యా ఆ నవ్వులు? ఇయన్నీ చేసింది మా కోడలు. ఆ మాత్రం నా ఫొటో పెట్టుకోగూడదా?"

ప్రిన్సిపాల్ గారే ముందు చప్పట్లు కొట్టారు.

ఫొటోలు ఆ సాయంత్రమే మార్చేశాను. విద్యార్థులు మాత్రం ఆ సిస్టమ్‌ని ఇప్పటికీ 'అత్తయ్య ఓఎస్' అనే అంటారు. ఆ మాట చెవినబడ్డప్పుడల్లా, చీరకు కాలర్ ఉండదు గానీ, ఉంటే ఎగరేసేదాన్ని.