వగ్గాణి పెద్దమ్మ ఓటీపీ

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి మా వైపు ఉన్న మర్యాద ఇప్పుడు డాక్టర్లకు కూడా లేదు. రాయచూరు జిల్లాలో ఒక తాలూకా కచేరికి (ఏ తాలూకా అని అడక్కండి, అక్కడ ఇంకా నాకు చాయ్ పుట్టాలి) నన్ను కాంట్రాక్టు మీద వేశారు. ధ్రువపత్రం కోసం వచ్చిన అర్జీ ఏ బల్ల నుంచి ఏ బల్లకు పోతుందో చూసి, డబ్బాలూ బాణాలూ గీయడం నా పని. ఆ బొమ్మను బట్టి బెంగళూరువాళ్లు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. "ఉన్నది ఉన్నట్టు గీయి, నీ తెలివి కలపకు" అన్నారు. సరే, కలపలేదు. అదే కొంప ముంచింది.

ఉన్నది ఏమిటయ్యా అంటే, అర్జీ గుమాస్తా దగ్గర నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి, అక్కడి నుంచి నేరుగా గేటు ఎదుటి హోటల్‌కు పోయేది. ఇన్‌స్పెక్టర్ సారు బొరుగుల వగ్గాణి ప్లేటు ముందు పెట్టుకుని, "పెద్దమ్మా, వీళ్లు ఎరుకేనా?" అని అడిగేవాడు. హోటల్ నడిపే పెద్దమ్మకు చుట్టుపక్కల ఊళ్లన్నీ తెలుసు. "ఎరుకే, మంచోళ్లే, పెట్టు సంతకం" అంటే పెట్టేవాడు. విచారణ అంటే అంతే. నేను నిజాయితీపరుణ్ని కదా, ఒక డబ్బా గీసి 'హోటల్ విచారణ' అని రాశాను. ప్రతి డబ్బాకూ ఒక ఫోన్ నెంబర్ ఇవ్వమంటే పెద్దమ్మ నెంబర్ ఇచ్చాను. పై అధికారులందరూ దాన్ని చూసి (అంటే చూడకుండా) సంతకాలు చేశారు. బొమ్మ భలే నీటుగా ఉందన్నారు కూడా. కొన్నాళ్లు నేను నేల మీద నడవలేదు.

కొత్త సాఫ్ట్‌వేర్ మొదలైన రోజే ఇడపనూరు నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. పిల్లకు రాయచూరులో కాలేజీ హాస్టల్ సీటు వచ్చింది. సాయంత్రంలోగా ఆదాయ ధ్రువపత్రం చూపించకపోతే అది ఇంకొకరికి పోతుంది. "సీటు పోతే ఇగ చేను పనే సారూ, చదువు బందు" అన్నాడు తండ్రి. "కంప్యూటర్ ఉండంగ ఫికరెందుకు?" అని చిటిక వేశాను. గుమాస్తా నొక్కాడు, ఇన్‌స్పెక్టర్ నొక్కాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి: 'హోటల్ విచారణ అధికారికి ఓటీపీ పంపబడినది.'

కచేరి మొత్తం నా వైపు తిరిగింది. బెంగళూరుకు ఫోన్ చేస్తే, "మీరు గీసిందే కదా పెట్టాం, మార్చాలంటే పైనుంచి ఉత్తరం రావాలి" అన్నారు. హోటల్‌కు పరిగెత్తాను. పెద్దమ్మ మిర్చీలు వేస్తోంది.

"పెద్దమ్మా, నీ ఫోన్ల ఒక నెంబర్ వచ్చుంటది, జర చెప్పు."

ఆమె నన్ను కిందినుంచి మీదికి చూసింది. "ఏందిరా, నా తాన్నే మోసం షురూ చేసినవా? ఎవ్వలడిగినా ఆ నెంబర్ చెప్పొద్దని బ్యాంకోళ్లు చెప్పిన్రు."

"నేను దొంగను గాదు పెద్దమ్మా, ఎదురుంగ కచేరోణ్ని!"

"దొంగలు గూడ గట్లనే అంటరంట."

చివరికి తహశీల్దార్ సారే దిగివచ్చి బతిమాలారు. "మీరు పెద్దోళ్లు సాబ్, కూసోన్రి, చాయ్ తాగున్రి. నెంబర్ మాత్రం చెప్ప" అంది. వెనకే వచ్చిన పిల్ల ఏడుపు అందుకుంది. అప్పటిదాకా నా పరువు గురించే దిగులు పడుతున్నవాణ్ని, ఆ ఏడుపు విని నిజంగా భయపడ్డాను. ఆ భయంలోనే నోట్లోంచి వచ్చేసింది: "చెప్పకు పెద్దమ్మా! నువ్వే వచ్చి కంప్యూటర్ల కొట్టు."

ఆమె ఆలోచించింది. "ఎవ్వలు చూడొద్దు మరి" అంటూ పొయ్యి ఆర్పి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, నా కుర్చీలో కూర్చుంది. తహశీల్దార్‌తో సహా అందరినీ గోడ వైపు తిరగమంది. తిరిగాం. ఈలోగా ఆ నెంబర్‌కు గడువు తీరి ఇంకొకటి వచ్చింది. అయినా ఆమెకు తొందరేం లేదు. పిల్లను దగ్గరికి పిలిచి, "నువ్వు ఎవ్వరి పిల్లవే?" అని అడిగింది. పిల్ల వెక్కుతూ తాత పేరు చెప్పింది. "అరె, ఆయన మనుమరాలివా! ఏడ్వకు బిడ్డా, పోయి మంచిగ చదువుకో" అని, కొంగు అడ్డం పెట్టుకుని ఒక్కొక్క అంకే కొట్టింది. ధ్రువపత్రం బయటికి రాగానే తండ్రీ కూతురూ బస్సు కోసం పరుగు తీశారు. సీటు దక్కిందని మర్నాడు తండ్రి వచ్చి, పెద్దమ్మకు దండం పెట్టి పోయాడు. నాకు కాదు.

పైనుంచి ఉత్తరం వచ్చేదాకా ఆమె రోజూ మధ్యాహ్నం వచ్చి నా కుర్చీలో కూర్చునేది, మేమంతా గోడను చూసేవాళ్లం. ఆ గోడ మీది పగుళ్లు నాకిప్పటికీ కంఠతా వచ్చు.

ఇప్పుడూ అవే బొమ్మలు గీస్తాను, కాస్త పెద్ద కుర్చీలో. అనవసరమైన డబ్బాలు కొట్టేయడంలో ఘనుణ్నని పేరు కూడా వచ్చింది. మొన్న మా అమ్మాయికి ధ్రువపత్రం కావాలని అర్జీ పెడితే, ఇంట్లో కూర్చుండగానే ఫోన్‌లోకి వచ్చేసింది. ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. సంతోషమే, కాదనను. అయినా ఎందుకో మనసు ఊరుకోక, ఎదురుగా ఉన్న పిల్లను చూసి, "నువ్వు ఎవ్వరి పిల్లవే?" అన్నాను.

"మళ్లీ పెద్దమ్మ గుర్తొచ్చిందా నాన్నా? ఉండు, చాయ్ పెడతా" అంటూ నవ్వుతూ లేచింది. చాయ్ వచ్చేదాకా గోడ వైపు తిరిగి కూర్చున్నాను.