విశ్వామిత్రుడికి గుర్రం సూది

ఆ రోజుల్లో కాల్లో మేకు దిగితే మనిషి గుర్రానికి రుణపడాల్సి వచ్చేది. నవ్వకండి. ధనుర్వాతం రాకుండా వేసే మందు అప్పట్లో గుర్రం నెత్తురులోంచే తీసేవారు. అరవయ్యో దశకంలో, అల్లూరు దగ్గర సముద్రపొడ్డున ఉన్న మా ఊళ్లో, ఆ గుర్రం పుణ్యమా అని నేను ఒక్క సాయంత్రంలో మహానటుణ్ణయ్యాను (నటించకుండానే).

మా ఊరి నాటకాలకు పెద్ద దిక్కు మా మేనమామ, హార్మోనియం మామ. ఆయన కింద నేను ఏళ్ల తరబడి తెర తాడు లాగాను. విశ్వామిత్రుడు వేసే పెద్దాయనకు పళ్లూడి పద్యమంతా గాలైపోతుంటే, చివరికి ఆ వేషం నాకు దక్కింది. ఒక్కచోట కుదురుగా అన్నం కూడా తినలేని నాకు! మామ ముందే చెప్పేశాడు: "మేనక ఆడినంతసేపూ కళ్లు మూసుకుని రాయి మాదిరి కూర్చోవాల. కదిలినావంటే మళ్లీ తాడే నీకు." పైగా ముని వేషం కట్టేవాడు నాటకం అయ్యేదాకా నీసు ముట్టకూడదని మా ఊరి నియమం. రోజూ రొయ్యలు ఉడికే ఊళ్లో అంతకన్నా ఘోర తపస్సు ఏముంటుంది?

పాత పడవ చెక్కలతో వేదిక కడుతుంటే తుప్పు మేకు నా పాదంలో దిగింది. అల్లూరు డాక్టరుగారు సూది వేశారు. మేనక వేషం వేసే మా బావ, "గుర్రం మందంట గదరా, రేపట్నించి ఉలవలు తింటావా, అన్నమా?" అని ఏడిపించాడు. వారం దాటినా ఏమీ కాలేదు. సరిగ్గా నాటకం రోజు పొద్దున మణికట్లు వాచాయి, ఒళ్లు వెచ్చబడింది, పొట్టమీద చింతగింజలంత దద్దుర్లు లేచాయి. దీపాలు పెట్టే వేళకు అవి అప్పడాలంత అయ్యాయి.

మామ చూసి మండిపడ్డాడు. "రొయ్యలు తినుండావు గదరా!"

"అమ్మతోడు మామా, వాసన గూడా చూళ్లేదు!"

"నిష్ఠ చెడినోడికే ఇట్టా అయ్యేది. ఇయ్యాల కదులు, చెప్తా నీ సంగతి."

తెర లేచింది. వాచిన మోకాళ్లను మడిచి పద్మాసనం వేశాను. ఉన్ని గడ్డం కింద దురద, జందెం కింద దురద, నా చేతికి అందని చోటల్లా దురద. చెవులు కదిపాను. ముక్కు తిప్పాను. ఆఖరికి వీపును వెనకాల గుంజకేసి రుద్దాను. ఆ చప్పుడు సముద్రం మీది పడవల దాకా వినబడిందట (పోనీ, ఊరి పక్కనున్న ఉప్పుకాలవ దాకా అనుకోండి). మేనక నాట్యం చేస్తూ దగ్గరకొచ్చి, "ఒరే, మామ చూస్తుండాడు, కదలబాక!" అని గొణిగింది. "బావా, నీకు దణ్ణం పెడతా, వీపు గోకు!" అన్నాను. దయగల అప్సరస కాబట్టి గాజులచేత్తో గీరింది. "ఆహా!" అని నేను కళ్లు తెరిచాను. జనం పడీపడీ నవ్వి, "వన్స్ మోర్!" అని ఒకటే కేకలు.

ముందు వరసలో ఉన్న డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. వేదికెక్కి దద్దుర్లూ, కీళ్లూ, మెడకింద గడ్డలూ చూశారు. "ఇది సూదిమందు పని. గుర్రం సరుకును ఒళ్లు పరాయిదని పసిగట్టి దానిమీదికి సైన్యాన్ని పంపింది. ఆ రెండూ పెనవేసుకుని ముద్దలై, నెత్తుర్లో తిరిగి చర్మంలో, కీళ్లలో చిక్కుకున్నాయి. అందుకే ఇన్నాళ్లు పట్టింది. తగ్గిపోతుందిలే. ఇంకెప్పుడూ ఈ మందు వేయించుకోకు."

మామ హార్మోనియం వదిలి వచ్చి, "అయితే రొయ్యలు కాదా?" అన్నాడు.

"కాదు, గుర్రం."

మామ కాసేపు నా గడ్డం వైపు చూసి, "నిష్ఠ ఉన్నట్టే. వేషం వాడిదే," అన్నాడు.

మరుసటేడు ఒంట్లో ఏ బాధా లేదు. పంతం పట్టి రాయిలా కూర్చున్నాను. మేనక ఆడుతోంది, జనం లేచిపోతున్నారు. "గోకు సామీ!" అని ఎవడో అరిచాడు. హార్మోనియం వెనకనుంచి మామ బతిమాలాడు: "గోకరా నాయనా, పరువు పోతుండాది!" గోకాను. దురద లేకుండా గోకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఒక్కడూ నవ్వలేదు.

ఇప్పుడు పడక్కుర్చీలో పూటంతా కదలకుండా కూర్చోగలను. ఎప్పుడైనా దోమ కుట్టి మణికట్టు గోక్కున్నానా, చెవులు వాటంతటవే నిక్కబొడుచుకుంటాయి, ఏ మూలనుంచైనా "వన్స్ మోర్" వినిపిస్తుందేమోనని.